జెనెవీవ్ న్నాజి సినీ ప్రస్థానం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్‌ఫ్లిక్స్‌లో ‘లయన్‌హార్ట్’ చూశాక ఈవిడ ఎవరు, ఇంకేం సినిమాలు చేశారు అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ. నటిగా, గాయనిగా, నిర్మాతగా, దర్శకురాలిగా ఆమె చేసిన పనులు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం వాటన్నిటి వెనక ఒకటే కథ కనిపిస్తుంది. మొదట్లో క్యాసెట్ అట్ట మీద బొమ్మ ఆమెది, నిర్ణయాలు మాత్రం వ్యాపారులవి. అక్కడి నుంచి నిర్ణయాలు కూడా తనవే అయ్యే దాకా ఆమె ఎలా నడిచారన్నదే ఆ కథ. కింద ఇచ్చిన జవాబుల్లో అది పదేపదే వస్తుంది.

జెనెవీవ్ న్నాజి ఎవరు?

నైజీరియా సినిమాలో అందరికంటే ఎక్కువగా తెలిసిన ముఖాల్లో ఒకరు. 1979 మే 3న పుట్టారు. సొంత ఊరు ఆగ్నేయ నైజీరియాలోని ఇమో రాష్ట్రం, ఎంబైసే ప్రాంతం. ఆ ప్రాంతపు ప్రధాన జాతి అయిన ఇగ్బోల కుటుంబం. నాన్న ఇంజినీర్, అమ్మ టీచర్. ఎనిమిది మంది పిల్లల్లో ఈవిడ నాలుగోవారు. పెరిగింది మాత్రం లేగోస్ మహానగరంలో. యాబాలోని మెథడిస్ట్ బాలికల కళాశాలలో స్కూల్ చదువు, ఆ తర్వాత లేగోస్ విశ్వవిద్యాలయంలో సృజనాత్మక కళలు చదివారు.

సినిమాల్లోకి ఎలా వచ్చారు?

ఎనిమిదేళ్ల వయసులోనే టీవీలో కనిపించారు. అప్పట్లో బాగా ఆదరణ ఉన్న ‘రిపుల్స్’ అనే సీరియల్‌లో బాలనటిగా చేశారు. సినిమాల్లో అడుగుపెట్టింది 1998లో, ‘మోస్ట్ వాంటెడ్’తో. అప్పటికి వయసు 19. అక్కడి నుంచి ఊపిరి సలపనన్ని సినిమాలు. అదెలా సాధ్యమైందో తెలియాలంటే ఆనాటి నాలీవుడ్, అంటే నైజీరియా సినీ పరిశ్రమ, పని తీరు తెలియాలి.

అప్పట్లో నాలీవుడ్ ఎలా ఉండేది?

నాలీవుడ్ థియేటర్లలో పుట్టలేదు, అంగళ్లలో పుట్టింది. 1980ల్లో నైజీరియా ఆర్థిక వ్యవస్థ కుదేలైంది. దేశపు కరెన్సీ నైరా విలువ పడిపోయింది. ఫిల్మ్ కొని, కడిగించి, ప్రింట్లు వేయించే స్తోమత నిర్మాతలకు లేకుండా పోయింది. చీకటి పడితే బయటికి వెళ్లాలంటే జనానికి భయం. థియేటర్లు ఒక్కొక్కటిగా మూతపడి కొన్ని చర్చిలుగా, కొన్ని గోదాములుగా మారాయి. సినిమా చూడాలన్న కోరిక మాత్రం చావలేదు కదా. ఇళ్లలో వీసీఆర్‌లు ఉన్నాయి.

1992లో కెనెత్ ఎన్నెబూయే అనే వ్యాపారి ‘లివింగ్ ఇన్ బాండేజ్’ అనే సినిమా తీయించి నేరుగా వీడియో క్యాసెట్ల మీద అమ్మాడు. తెచ్చిపెట్టుకున్న ఖాళీ క్యాసెట్లు అమ్ముడుపోవడానికే సినిమా తీశాడని అంటారు. విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ సినిమా ఇగ్బో భాషలో ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, ఆస్కార్ గొడవ దగ్గర మళ్లీ పనికొస్తుంది. రెండేళ్లకు అదే నిర్మాత ఇంగ్లీషు సినిమా తీశాడు. కారణం సూటిగా వ్యాపారమే. నైజీరియాలో 500కు పైగా భాషలున్నాయి. ఇంగ్లీషులో తీస్తే దేశమంతా అమ్మొచ్చు, ఘానా దాకా పంపొచ్చు. దాంతో నాలీవుడ్‌లో పెద్ద భాగం ఇంగ్లీషు బాట పట్టింది.

జెనెవీవ్ వచ్చేనాటికి ఈ వ్యవహారమంతా మార్కెటర్ల చేతిలో ఉంది. లేగోస్‌లోని ఇడుమోటా, అలాబా బజార్లు, తూర్పున ఒనిచా, ఆబా పట్టణాలు వాళ్ల అడ్డాలు. డబ్బు పెట్టేది వాళ్లే, పంపిణీ వాళ్లదే, ఏ కథ తీయాలో, ఎవరిని పెట్టుకోవాలో చెప్పేదీ వాళ్లే. ఎవరిదో ఇల్లు అద్దెకు తీసుకుని, పది పదిహేను రోజుల్లో షూటింగ్ ముగించేవారు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. ఆ మోత డైలాగుల్లోకి ఎక్కేది, అయినా షూటింగ్ ఆగేది కాదు. తయారైన కథను రెండు ముక్కలు చేసి పార్ట్ 1, పార్ట్ 2 అని విడివిడిగా అమ్మేవారు. కొనేవాడు ముందుగా చూసేది అట్ట మీది ముఖాలను. అందుకే జెనెవీవ్ లాంటి వాళ్ల ముఖం అట్ట మీద ఉంటే క్యాసెట్, ఆ తర్వాత వీసీడీ, కొట్టులో నిలవ ఉండేది కాదు.

ఎంత వేగంగా తీసేవారంటే, యునెస్కో లెక్క ప్రకారం 2006లో భారతదేశంలో 1,091 సినిమాలు వస్తే, నైజీరియాలో 872 వీడియో సినిమాలు వచ్చాయి. అమెరికాలో ఆ ఏడాది 485.

ఆమెకు అంత పేరు ఎందుకొచ్చింది?

అందం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆనాటి వీడియో సినిమాల్లో నటన చాలా బిగ్గరగా ఉండేది. ఏడుపంటే గుండెలు బాదుకోవడం, కోపమంటే అరుపులు. మైకులు సరిగ్గా అందుకోవేమోనన్న భయం కూడా అందుకు కొంత కారణం అయ్యుండొచ్చు. అలాంటి చోట జెనెవీవ్ తగ్గించి చేసేవారు. ఎదుటి పాత్ర మాట్లాడుతున్నంతసేపూ ఆమె వింటున్నట్టు ఉంటుంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, వినడం నటించడం చాలా కష్టం.

‘షారన్ స్టోన్’ (2002)లో మగవాళ్లను ఆటాడించే గడుసు అమ్మాయి, ‘బ్లడ్ సిస్టర్’ (2003)లో అక్కచెల్లెళ్ల కథ, ‘గేమ్స్ విమెన్ ప్లే’ (2005), ‘గర్ల్స్ కాట్’ (2006). ఈ వరుస చూస్తే ఆ కాలపు నైజీరియా నగర జీవితం మీద, ముఖ్యంగా డబ్బు, ప్రేమ, పరువుల మధ్య నలిగే యువతుల మీద ఒక అవగాహన వస్తుంది. అన్నీ గొప్ప సినిమాలని చెప్పను. కథలు సాగదీసినవీ ఉన్నాయి, ముగింపు తొందరగా చుట్టేసినవీ ఉన్నాయి. ఆమె ఉన్న సీన్లు మాత్రం నిలబడతాయి.

2004లో ఆమెను సినిమాల నుంచి నిషేధించారట, నిజమేనా?

నిజమే. 2004లో మార్కెటర్ల సంఘం పేరున్న నటీనటులు కొందరిని పక్కన పెట్టింది. పారితోషికాలు మరీ పెంచేశారని, షూటింగ్‌లకు సరిగ్గా రావడం లేదని ఆరోపణలు. ఆ జాబితాలో జెనెవీవ్‌తో పాటు ఒమొటోలా జలాడే ఎకెయిండే, రామ్సీ నౌవా, రిచర్డ్ మోఫె డమీజో, స్టెల్లా డమాసస్ లాంటి వాళ్లున్నారు. అందరూ ఆనాటి అగ్రతారలే. సుమారు ఏడాది పాటు వాళ్లతో ఎవరూ సినిమా తీయకూడదన్నమాట.

మార్కెటర్ల వైపు కూడా ఒక వాదన ఉంది. నకిలీ సీడీలు విచ్చలవిడిగా తయారవుతుంటే వాళ్ల లాభం కరిగిపోతూ వచ్చింది. తారల పారితోషికం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న ఖర్చు. అది అర్థం చేసుకోగలను. కానీ సినిమాను అమ్మిపెట్టే ముఖాన్నే ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయమని మాత్రం నాకు అనిపించదు. ఒక పరిశ్రమలో డబ్బు, పంపిణీ, అవకాశం మూడూ ఒకే గుంపు దగ్గర ఉంటే, ఎంత పెద్ద తార అయినా ఒక్క తీర్మానంతో పని లేకుండా పోతుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది తర్వాత సొంతంగా ఏదో ఒకటి నిలబెట్టుకోవాలని చూడటం యాదృచ్ఛికం అనుకోను.

ఆమె పాటలు కూడా పాడారా?

పాడారు. 2004లోనే ‘వన్ లొగొలొగొ లైన్’ అనే ఆల్బమ్ వచ్చింది. ఘానాకు చెందిన ఈకేబీ రికార్డ్స్ విడుదల చేసింది. ఆర్ అండ్ బీ, హిప్ హాప్, నగర యువత వినే ఇతర సంగీత శైలులు కలిపి చేసిన ఆల్బమ్. ఆ రోజుల్లో నాలీవుడ్ తారలు మైకు పట్టుకోవడం ఒక ఊపులా సాగింది. ఒమొటోలా ఆల్బమ్ ‘గ్బా’ మరుసటి ఏడాది, 2005లో వచ్చింది.

నిక్కచ్చిగా చెప్పాలంటే గాయనిగా జెనెవీవ్ ముద్ర పెద్దది కాదు. ఆ ఒక్క ఆల్బమ్ తర్వాత ఆమె సంగీతాన్ని వృత్తిగా కొనసాగించలేదు. అయినా నాకు ఆ ఆల్బమ్ ముఖ్యమైనదే. మార్కెటర్లు తలుపు మూసిన కాలంలో, వాళ్ల అనుమతి అక్కర్లేని ఇంకో రంగంలో, వేరే దేశపు కంపెనీతో కలిసి పని చేశారు.

ప్రకటనలు, వ్యాపారాల సంగతి?

అదే కాలంలో లక్స్ సబ్బు నైజీరియా ప్రచారానికి ఆమె ముఖంగా నిలిచారు. 2008లో ‘సెయింట్ జెనెవీవ్’ పేరుతో సొంత దుస్తుల బ్రాండ్ మొదలుపెట్టారు. ఆ తర్వాత కూడా చాలా బ్రాండ్లకు చేశారు. సినిమా ఆదాయం మీదే ఆధారపడనక్కర్లేదు అన్న ధీమా ఈ పనులే ఇచ్చి ఉంటాయి.

పెద్ద గుర్తింపులు ఏమేం వచ్చాయి?

2005లో ఆఫ్రికా మూవీ అకాడమీ అవార్డుల మొట్టమొదటి వేడుక బాయెల్సా రాష్ట్ర రాజధాని యెనగోవాలో జరిగింది. ఉత్తమ నటి అవార్డు ఆమెదే. 2009లో ఓప్రా విన్‌ఫ్రే తన షోలో ఆమెను ఆఫ్రికా జూలియా రాబర్ట్స్‌గా అమెరికాకు పరిచయం చేశారు. ఈ పోలిక అభిమానులకు గర్వంగా ఉండొచ్చు. కానీ అప్పటికి పదేళ్లకు పైగా పేరు తెచ్చుకున్న నటికి ఇంకో నటి పేరుతో పరిచయం అవసరమా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. 2011లో నైజీరియా ప్రభుత్వం ఎంఎఫ్ఆర్ అనే జాతీయ గౌరవంతో సత్కరించింది.

ఒమొటోలాకూ ఆమెకూ పోటీ ఉండేదా? ఇద్దరినీ కలిపి చూడాలంటే?

ఇద్దరూ దాదాపు ఒకే వయసువాళ్లు, ఒకే కాలంలో పైకొచ్చినవాళ్లు, ఇద్దరూ పాడారు, ఇద్దరూ నిర్మాతలయ్యారు. పత్రికలు పోటీ అని రాయకుండా ఎలా ఉంటాయి? ఒమొటోలా 2013లో టైమ్ పత్రిక ప్రకటించిన 100 మంది ప్రభావశీలుర జాబితాలో చోటు సంపాదించారు. ఎవరు గొప్ప అన్న లెక్క అభిమానులకే వదిలేద్దాం.

కలిపి చూడాలంటే ‘ఈజే’ చూడండి. 2010లో విడుదలైంది. దర్శకురాలు చినేజే అన్యానే. కథ ఇదీ: అమెరికాలో స్థిరపడిన అక్క (ఒమొటోలా) హత్య కేసులో ఇరుక్కుంటుంది. నైజీరియా నుంచి చెల్లెలు (జెనెవీవ్) ఆమెను కాపాడుకోవడానికి లాస్ ఏంజెలెస్ వెళుతుంది. అక్క ఏదో దాస్తోందని చెల్లెలికి తెలుస్తుంది, ఎందుకు దాస్తోందో చెప్పదు. వాళ్లిద్దరూ జైలు ములాఖత్‌లో ఎదురెదురుగా కూర్చున్న సీన్ల కోసమైనా చూడాలి.

ఈ సినిమాకు ఇంకో ప్రాధాన్యం ఉంది. 2004 నుంచి లేగోస్‌లో మల్టీప్లెక్స్‌లు మళ్లీ మొదలయ్యాయి. క్యాసెట్ బజారును దాటి, పెద్ద తెర కోసం మంచి కెమెరాలతో, తీరిగ్గా సినిమాలు తీసే కొత్త తరం బయల్దేరింది. దాన్ని కొత్త నాలీవుడ్ అంటారు. ‘ఈజే’ థియేటర్లలో బాగా ఆడి, ఆ దారికి ధైర్యమిచ్చిన సినిమాల్లో ఒకటైంది. ఎవరి ముఖం బజారును నడిపిందో, ఆ ముఖమే బజారు నుంచి బయటపడే దారిలోనూ ముందుంది.

‘హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్’లో ఆమె పాత్ర ఏమిటి?

చిన్న పాత్రే. చిమమాండా ఎన్గోజీ అడీచీ నవల ఆధారంగా బీయీ బాందెలే తీసిన ఈ సినిమా 2013లో టొరొంటో చలనచిత్రోత్సవంలో మొదట ప్రదర్శితమైంది. 1967 నుంచి 1970 దాకా సాగిన బయాఫ్రా యుద్ధం, అంటే ఇగ్బోలు ఎక్కువగా ఉండే తూర్పు ప్రాంతం నైజీరియా నుంచి విడిపోవాలని చూసినప్పటి అంతర్యుద్ధం, దీని నేపథ్యం. ప్రధాన పాత్రల్లో చివెటెల్ ఎజియోఫోర్, థాండివే న్యూటన్. జెనెవీవ్ చేసింది యొరుబా అనే మరో జాతికి చెందిన అధ్యాపకురాలు మిస్ అడెబాయో పాత్ర. నైజీరియాలో సెన్సార్ అనుమతి ఆలస్యమై 2014 ఆగస్టులో విడుదలైంది. ఆ యుద్ధం గాయం ఆ దేశంలో ఇంకా మానలేదని ఆ ఆలస్యమే చెబుతుంది.

నిర్మాతగా ఎప్పుడు మారారు?

‘రోడ్ టు యెస్టర్‌డే’ (2015)తో. దీని కోసం సొంతంగా ‘ది ఎంటర్‌టైన్‌మెంట్ నెట్‌వర్క్’ అనే సంస్థ పెట్టుకున్నారు. దర్శకుడు ఇషాయా బాకో. విడిపోయే అంచున ఉన్న భార్యాభర్తలు ఒక అంత్యక్రియలకు కారులో బయల్దేరతారు. ఆ ప్రయాణంలో పాత సంగతులన్నీ బయటికొస్తాయి. 2016లో ఆఫ్రికా మ్యాజిక్ అవార్డుల్లో పశ్చిమ ఆఫ్రికా ఉత్తమ చిత్రంగా గెలిచింది.

ఏడాదికి లెక్కలేనన్ని సినిమాలు చేసిన మనిషి ఈ దశలో బాగా తగ్గించేశారు. కొన్నేళ్లకు ఒకటి. అభిమానులకు అది లోటే. కథ ఎంపిక నుంచి నటవర్గం దాకా అన్నీ తానే చూసుకుంటున్నప్పుడు అంత సమయం పడుతుంది మరి.

‘లయన్‌హార్ట్’ గురించి వివరంగా చెప్పండి.

దర్శకురాలిగా ఆమె మొదటి సినిమా. ముఖ్యపాత్రా ఆమెదే, రచనలోనూ చేయి ఉంది, నిర్మాణం చిన్నీ ఒన్వుగ్బెనుతో కలిసి. 2018 సెప్టెంబర్‌లో టొరొంటోలో ప్రదర్శితమైంది. అదే సమయంలో నెట్‌ఫ్లిక్స్ ప్రపంచవ్యాప్త హక్కులు కొనేసింది. నైజీరియా నుంచి నెట్‌ఫ్లిక్స్ ఒరిజినల్‌గా వచ్చిన మొదటి సినిమా ఇదే. 2019 జనవరి 4 నుంచి అందుబాటులోకి వచ్చింది.

కథ ఎనూగూ నగరంలో జరుగుతుంది. చీఫ్ ఎర్నెస్ట్ ఒబియాగు (పీట్ ఎడోచీ) కష్టపడి పెంచిన బస్సుల కంపెనీ పేరే లయన్‌హార్ట్. కూతురు అడేజే (జెనెవీవ్) కంపెనీలో రవాణా వ్యవహారాలన్నీ చూస్తుంటుంది. కొడుకు (రాపర్ ఫీనో)కి బస్సుల మీద ధ్యాస లేదు, సంగీతమే లోకం. తండ్రికి ఆరోగ్యం దెబ్బతింటుంది. కుర్చీ తనకే వస్తుందని అడేజే అనుకుంటుంది, చూస్తున్న మనమూ అనుకుంటాం. తండ్రి మాత్రం తన తమ్ముడు గాడ్స్‌విల్ (ఎన్కెమ్ ఒవో)ను కూర్చోబెడతాడు. ఆ సమావేశంలో జెనెవీవ్ ముఖం చూడండి. అవమానాన్ని మింగి, వెంటనే సర్దుకుని, బాబాయికి మర్యాదగా స్వాగతం చెప్పాలి. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆ ముఖం కొత్తేమీ కాదు.

ఇక్కడి నుంచి కథ బాబాయిని విలన్ చేస్తుందని ఎదురుచూస్తాం. చేయదు. గాడ్స్‌విల్ మాటలు, నడక, భోజనం అన్నీ నవ్వు తెప్పిస్తాయి, కానీ మనిషి లోతైనవాడు. కంపెనీ మీద కొండంత అప్పు ఉందని తెలిశాక ఇద్దరూ కలిసే బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. పోటీ కంపెనీ యజమాని (కనాయో ఒ. కనాయో) కాచుకుని కూర్చుంటాడు. చివరికి వాళ్ల చూపు ఉత్తరాదిన ఉన్న కానో వైపు, ఒక హౌసా వ్యాపార కుటుంబం వైపు మళ్లుతుంది. బాబాయి హౌసా భాషలో పలకరించే సన్నివేశం నాకు చాలా ఇష్టం. ఇగ్బోలు, ఉత్తరాది హౌసాల మధ్య బయాఫ్రా యుద్ధం నాటి నుంచి ఎంత అపనమ్మకం పేరుకుందో తెలిసినవాళ్లకు, ఒక ఇగ్బో కుటుంబాన్ని హౌసా కుటుంబం గట్టెక్కించగలదని ఈ సినిమా అనుకోవడమే పెద్ద మాట. దాన్ని ఉపన్యాసంలా కాకుండా వ్యాపార ఒప్పందంలా చూపించడం దర్శకురాలి తెలివి.

తల్లి పాత్రలో కనిపించేది ఒన్యెకా ఒన్వేను. నైజీరియాలో ఆమె చాలా పెద్ద గాయని, నటి కూడా. 2024లో కన్నుమూశారు. పీట్ ఎడోచీ, ఎన్కెమ్ ఒవో, కనాయో, ఒన్యెకా వీళ్లందరినీ ఒకే సినిమాలోకి తెచ్చి ప్రపంచానికి చూపించడం, తాను వచ్చిన దారికి జెనెవీవ్ ఇచ్చిన గౌరవంగా నేను తీసుకుంటాను. వీళ్లలో ఎన్కెమ్ ఒవో 2004 నాటి నిషేధపు జాబితాలో ఆమెతో పాటు ఉన్నవారే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అప్పు తీరే దారి కాస్త తేలిగ్గా దొరికేస్తుంది, మధ్యలో కథ నెమ్మదిస్తుంది. అయినా 95 నిమిషాలు హాయిగా గడిచిపోతాయి.

ఆస్కార్ నుంచి ఎందుకు తీసేశారు?

నైజీరియా ఆస్కార్‌కు అధికారికంగా పంపిన మొట్టమొదటి సినిమా ‘లయన్‌హార్ట్’. 2019లో ఉత్తమ అంతర్జాతీయ చిత్రం విభాగానికి పంపారు. పంపిన కమిటీకి అధ్యక్షురాలు ‘ఈజే’ దర్శకురాలు చినేజే అన్యానేనే. నవంబర్ మొదటివారంలో అకాడమీ దాన్ని అనర్హమని ప్రకటించింది. నిబంధన ప్రకారం సంభాషణల్లో సగానికి మించి ఇంగ్లీషు కాని భాష ఉండాలి. ‘లయన్‌హార్ట్’లో ఇగ్బో సంభాషణ దాదాపు 11 నిమిషాలే.

నిబంధన ముందు నుంచీ ఉన్నదే, అందులో దాపరికం లేదు. అయితే ఆ ఏడాదే ఆ విభాగం పేరును ‘విదేశీ భాషా చిత్రం’ నుంచి ‘అంతర్జాతీయ చిత్రం’గా మార్చారు. పేరు మార్చి నిబంధన అలాగే ఉంచారు. అమెరికన్ దర్శకురాలు ఎవా డువెర్నే బహిరంగంగానే ప్రశ్నించారు: నైజీరియా అధికార భాషే ఇంగ్లీషు, మరి ఆ దేశం తన అధికార భాషలో తీస్తే ఈ విభాగంలో ఎప్పటికీ పోటీ పడకూడదా? జెనెవీవ్ కూడా స్పందించారు. ఈ సినిమాలో ఉన్నది నైజీరియన్లు నిజంగా మాట్లాడుకునే తీరేనని, 500 పైచిలుకు భాషలున్న దేశాన్ని కలిపే వంతెన ఇంగ్లీషేనని, తమను ఎవరు పాలించాలో తాము ఎంచుకోలేదని ఆమె మాటల సారాంశం.

నేను పూర్తిగా ఆమె వైపే. ఇంట్లో ఇగ్బో, ఆఫీసులో ఇంగ్లీషు, కానోలో హౌసా. అడేజే లాంటి మనిషి జీవితం అలాగే ఉంటుంది. అవార్డు కోసం ఆఫీసులో అందరిచేతా ఇగ్బోయే మాట్లాడిస్తే అది అబద్ధమయ్యేది. నాలీవుడ్ ఇగ్బోలో మొదలై, బతకడానికి ఇంగ్లీషులోకి వచ్చిందని పైన చెప్పుకున్నాం. తమ దేశమంతా చూడాలని ఎంచుకున్న భాషే బయటి ప్రపంచపు గుమ్మం దగ్గర అడ్డుపడింది. మరుసటి ఏడాది నైజీరియా ఎక్కువ భాగం హౌసాలో సాగే ‘ది మిల్క్‌మెయిడ్’ను పంపింది.

ఒక్కో దేశం నుంచి ఒక్క సినిమానే పంపాలన్న నిబంధన 2022లో ‘ఆర్ఆర్ఆర్’ విషయంలో మన తెలుగువాళ్లందరికీ బాగా తెలిసొచ్చింది. అధికారిక ఎంట్రీగా గుజరాతీ సినిమా వెళ్లింది, మన సినిమా మామూలు విభాగాల్లో పోటీపడి పాటకు ఆస్కార్ తెచ్చుకుంది. నైజీరియాది వేరే రకం చిక్కు. అక్కడ దేశం ఎంచుకున్న సినిమాకే చోటు దొరకలేదు.

ఆ తర్వాత అకాడమీతో ఆమెకు సంబంధం?

2020లో కొత్త సభ్యుల్లో ఒకరిగా ఆమెను అకాడమీయే ఆహ్వానించింది.

నైజీరియాలో మన సినిమాలు చూస్తారా?

హిందీ సినిమాలు, ముఖ్యంగా ఉత్తరాదిలో, దశాబ్దాల నుంచి చూస్తున్నారు. కానో కేంద్రంగా హౌసాలో తీసే సినిమా పరిశ్రమను కన్నీవుడ్ అంటారు. అందులో పాటలు, డ్యాన్సులు చూస్తే హిందీ సినిమా ప్రభావం ఇట్టే తెలిసిపోతుంది. 2021లో ‘నమస్తే వహాలా’ అనే భారత, నైజీరియా ప్రేమకథ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. జెనెవీవ్ మాత్రం భారతీయ సినిమాల్లో నటించలేదు.

ఆమె వ్యక్తిగత జీవితం గురించి ఎందుకు రాయలేదు?

ఆమె తన కుటుంబ విషయాలను ప్రచారానికి దూరంగా ఉంచుతారు. ఈ పేజీ కూడా అదే పాటిస్తుంది. ఆమె మీద గాలివార్తలకు కొదవ లేదు, చేసిన పని గురించి రాసేవాళ్లే తక్కువ.

మొదట ఏ సినిమా చూడాలి?

‘లయన్‌హార్ట్’తో మొదలుపెట్టండి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. నైజీరియన్ యాస అలవాటయ్యే దాకా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, లేకపోతే గాడ్స్‌విల్ జోకులు సగం పోతాయి. తర్వాత ‘ఈజే’. ఆ పైన పాత వీడియో సినిమా ఒకటి, ‘షారన్ స్టోన్’ గానీ ‘బ్లడ్ సిస్టర్’ గానీ. బొమ్మ మసకగా, ధ్వని గరగరమంటూ ఉంటుంది, పట్టించుకోకండి. అడేజేగా చూసిన మనిషే ఇరవైల్లో, చేతిలో ఏ అధికారమూ లేని రోజుల్లో, ఎంత పట్టుగా నిలబడ్డారో అక్కడ తెలుస్తుంది. ‘ఫార్మింగ్’లోనూ ఉన్నారు గానీ ఆ సినిమా చాలా బరువైనది. బ్రిటన్‌లో తెల్లవాళ్ల ఇంట్లో పెరగడానికి వదిలేసిన నైజీరియన్ పిల్లవాడి కథ. చివరగా చూడండి.

ఇప్పుడు ఏం చేస్తున్నారు?

తెర మీద తక్కువగా కనిపిస్తున్నారు, తెర వెనక పని నడుస్తోంది. 2023లో టొరొంటోలో ప్రదర్శితమైన ‘ఐ డూ నాట్ కమ్ టు యూ బై చాన్స్’కు ఆమె ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. దర్శకుడు మళ్లీ ఇషాయా బాకోనే. అదావోబీ ట్రిషియా న్వాఉబని నవల ఆధారం. బాగా చదువుకుని, ఉద్యోగం దొరక్క, ఇంటికి పెద్ద కొడుకుగా బాధ్యతలు మీద పడిన ఒక కుర్రాడు ఈమెయిల్ మోసాలు చేసే మేనమామ దగ్గర చేరతాడు. నైజీరియా పేరెత్తగానే ప్రపంచమంతా ఆ ఈమెయిళ్ల గురించే మాట్లాడుతుంది. అవి పంపే కుర్రాడి ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పే కథకు ఆమె అండగా నిలబడ్డారు.